గురక గాఢనిద్రకు గుర్తా?

గురకపెట్టే మనిషిని చూసి "ఒళ్ళెరుగక నిద్రపోతున్నాడు" అనుకోవడం మన ఇళ్ళలో పరిపాటి. 'ఖర్రాటే' అని పిల్లలు నవ్వుకోవడమూ కద్దు. వాస్తవానికి గురక గాఢనిద్రకు చిహ్నం కాదు. ఇరుకైన దారిలో గాలి పడే పాట్ల చప్పుడు అది.

మెలకువలో గొంతు కండరాలు బిగువుగా ఉండి శ్వాసమార్గాన్ని తెరచి ఉంచుతాయి. నిద్రలో అవి సడలుతాయి. వెల్లకిలా పడుకుంటే నాలుక వెనుకకు జారుతుంది. దారి సన్నబడిన కొద్దీ గాలి వేగం పెరుగుతుంది. ఆ వేగానికి మెత్తని అంగిలి, కొండనాలుక గాలిలో గుడారపు బట్టవలె రెపరెపలాడతాయి. మెడలో కొవ్వు పేరుకున్నా, ముక్కుదూలం వంకరగా ఉన్నా, ముక్కులో కండ పెరిగినా దారి మరింత ఇరుకవుతుంది. పొగత్రాగడం, నిద్రమాత్రలు దీనికి తోడవుతాయి.

మన ప్రాంతంలో మరొకటి ఉంది. తెలుగునాట ఎన్నో తరాలు మార్కాపురం పలకలమీదనే అక్షరాలు దిద్దాయి. ఆ పలకలను తవ్వి, కోసి, నునుపు చేసేవారు పీల్చే దుమ్ము ముక్కు లోపలి పొరను వాపజేస్తుంది. ముక్కు బిగిసినవాడు నోటితో శ్వాసిస్తాడు. నోరు తెరచుకుంటే దవడ, నాలుక వెనుకకు వాలి గొంతు మూసుకుపోతుంది. (ఆ దుమ్ము ఊపిరితిత్తులకు తెచ్చే సిలికోసిస్ వేరే వ్యాధి, అంతకంటె భయంకరమైనది.) వుజూలో ముక్కు శుభ్రపరచుకోవడం దుమ్మును కడిగివేస్తుంది గాని వంకరపోయిన దూలాన్ని సరిచేయదు. ఈ భేదం తెలియక వైద్యుణ్ణి చూడనివారు మనలో చాలామంది ఉన్నారు.

అసలు ప్రమాదం గురక వినిపించేటప్పుడు కంటె, ఉన్నట్టుండి అది ఆగినప్పుడు ఉన్నది. దారి పూర్తిగా మూసుకుపోయి, ఛాతీ ఎగసిపడుతున్నా గాలి లోపలికి పోదు. పది సెకన్లో, అంతకు మించియో గడచిన తరువాత మెదడు ఉలిక్కిపడి మేల్కొలుపుతుంది. మనిషి పెద్దగా ఎగశ్వాస తీసి మరల నిద్రలోకి జారుతాడు. దీనినే స్లీప్ ఆప్నియా అంటారు. తీవ్రమైనవారిలో ఇది గంటకు ముప్పైసార్లకు మించి జరుగుతుంది. రక్తపోటు పెరుగుతుంది, గుండె అలసిపోతుంది. సంగీత దర్శకుడు బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో ముంబైలో మరణించినప్పుడు వైద్యులు చెప్పిన కారణం ఇదే.

రాత్రంతా ఇలా ఉక్కిరిబిక్కిరైనవానికి తెల్లవారి ఏమీ గుర్తుండదు. తలనొప్పి, నోరు ఎండిపోవడం, పగటి కునుకు మాత్రమే మిగులుతాయి. గిద్దలూరు నుండి నల్లమల ఘాట్ మీదుగా నంద్యాలకు రాత్రివేళ లారీ నడిపేవారికి ఆ కునుకు ఎంతటిదో చెప్పనవసరం లేదు. కనుక దీనికి సాక్షి రోగి కాదు, పక్కన మేలుకొని ఉన్న భార్యయే. ఆమె "మీ ఊపిరి ఆగిపోతున్నదండీ" అన్నప్పుడు కసురుకోవడం తగదు.

పిల్లల సంగతి వేరు. వారిలో ఎక్కువగా అడ్డుపడేవి టాన్సిల్స్, ముక్కు వెనుక ఉండే అడినాయిడ్లు. నోరు తెరచి నిద్రించే బాలుడు, పక్క తడిపే బాలుడు, ఫజ్ర్ తరువాతి పాఠంలో తూగే బాలుడు సోమరి కాకపోవచ్చు. ఉస్తాద్ బెత్తం అందుకునే ముందు రాత్రివేళ వసతిగదికి వెళ్ళి అతని శ్వాసను ఒకమారు వినాలి. వాటిని తొలగించే శస్త్రచికిత్సతో చాలామంది పిల్లలు తేరుకుంటారు.

పెద్దలకు బరువు తగ్గడం, ప్రక్కకు తిరిగి పడుకోవడం మేలు చేస్తాయి. కుడిప్రక్కకు పడుకునే సున్నత్ మనకు తెలిసినదే. వ్యాధి ముదిరినవారికి గొంతు మూసుకుపోకుండా ముక్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపే సీపాప్ యంత్రం ఉంది. 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సలివన్ దీనిని వెలుగులోకి తెచ్చాడు. ముందుగా ఒంగోలు లేదా కర్నూలు ప్రభుత్వ ఆసుపత్రిలోని చెవి, ముక్కు, గొంతు విభాగానికి వెళ్ళవచ్చు. వెళ్ళేముందు, గురక ఆగి ఊపిరి కోసం పెనుగులాడే ఆ రెండు నిమిషాలను ఇంటివారు ఫోనులో వీడియో తీసి ఉంచితే వైద్యునికి సగం పని తేలికవుతుంది.