ముక్కును కడుగుకొనుట: కాచి చల్లార్చిన నీటితోనే

నిజామాబాదు మార్కెటు యార్డులో పసుపు కొమ్ములు రాశులుగా పడు దినములలో అచట అడుగిడిన క్రొత్తవారిని ముందుగా పలుకరించునది తుమ్ము. జనవరి మొదలు పసుపు త్రవ్వుట, ఉడికించుట, ఎండబెట్టుట, డ్రమ్ములలో వేసి మెరుగు పెట్టుట వరుసగా సాగును. మెరుగు పెట్టునప్పుడు లేచు పసుపు ధూళి, వరికోత యంత్రముల వెనుక లేచు నూగు, బీడీలు చుట్టు స్త్రీల చేటలలోని పొగాకు పొడి, ఈ మూడును మన జిల్లావారి ముక్కులకు నిత్యపరీక్షలు.

బోధన్ ప్రాంతపు కథయు ఇట్టిదే. 1931లో పూర్తియైన నిజాంసాగరు కాలువల నీటితో అచట చెరుకు విస్తరించెను. 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారము 2015లో మూతపడినది. చెరుకు తగ్గి వరి పెరిగినను ధూళి తగ్గలేదు. చెరుకు ఆకుల పొగ స్థానమున వరికొయ్యల పొగ వచ్చినది, అంతే.

ఆ ప్రాంతమున ఒక గ్రామసభకు మేము వెళ్ళియుండగా, పెద్దవయసు వార్డు సభ్యుడొకరు లేచి ఇట్లడిగిరి: "సార్, పసుపు దినాలల్ల మా ఇంట్ల అందరికీ ముక్కులు దిబ్బడైతయ్. ఉప్పునీళ్లతోని కడుక్కుంటే మంచిగైతదంటున్నరు. మా బోరు నీళ్లు తేటగనే ఉంటయ్, గవే పోసుకోవచ్చునా?"

ఈ ప్రశ్నలో రెండు విషయములు కలవు. ముక్కును కడుగుకొనుట మంచిదే. బోరు నీటిని ఉన్నదున్నట్లు ముక్కులో పోసికొనుట మాత్రము ఎన్నటికిని తగదు. ఈ భేదమును పంచాయతీ సభ్యులు గ్రహించి పదిమందికి చెప్పవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

కడుగుట వలన మేలేమి?

మన నుదుటి వెనుక, చెక్కిళ్ళ లోపల, కన్నుల నడుమ, ముక్కునకు వెనుక భాగమున ఎముకలలో గాలి నిండిన బోలు గదులు కలవు. అవి సన్నని ద్వారములగుండా ముక్కులోనికి తెరచుకొని యుండును. వాని లోపలి పొర జిగురు నీటిని స్రవించును. లోపలికి వచ్చిన ధూళి ఆ జిగురునకు అంటుకొనును. కంటికి కనబడని నూగు వంటి వెంట్రుకలు దానిని గొంతువైపునకు నెట్టివేయుచుండును.

కొందరి శరీరమునకు పుప్పొడి గాని ధూళి గాని పడదు. అట్టివారికి లోపలి పొర వాచి, సన్నని ద్వారములు మూసికొనిపోవును. తుమ్ములు, నీరు కారుట, నుదుటి బరువు, ముక్కు దిబ్బడ దాని ఫలితములే. గోరువెచ్చని ఉప్పునీరు చిక్కబడిన శ్లేష్మమును పలుచన చేసి, అంటియున్న ధూళిని పుప్పొడిని కడిగివేయును. ఇది మన దేశమునకు క్రొత్త గాదు. హఠయోగ గ్రంథములు చెప్పు షట్కర్మలలో నేతి యొకటి. కొమ్ముచెంబుతో చేయు జలనేతిని నేటికిని యోగశిక్షకులు నేర్పుచున్నారు. 2018లో వెలువడిన కాక్రేన్ సమీక్షయు, పడని పదార్థముల వలన కలుగు ముక్కు బాధను ఉప్పునీరు తగ్గించవచ్చునని చెప్పినది. అయితే ఆధారములు ఇంకను బలహీనముగనే యున్నవని కూడ అది తెలిపినది. కనుక ఇది ఉపశమనమే గాని వ్యాధిని నిర్మూలించు మందు గాదు.

ప్రమాదము ఎచట నున్నది?

వెచ్చని మంచినీటిలో నేగ్లేరియా ఫౌలెరీ అను అతిసూక్ష్మ జీవి యుండవచ్చును. అది గల నీటిని త్రాగినచో ఈ వ్యాధి రాదు. కాని ఆ నీరు ముక్కులోనికి ఎక్కినచో, అది వాసన తెలుపు నరముల వెంట మెదడును చేరి దానిని నాశనము చేయును. ఈ వ్యాధి మిక్కిలి అరుదు. వచ్చినచో బ్రతుకుట అంతకన్న అరుదు. అమెరికాలో నమోదైన రోగులలో నూటికి 97 మందికి పైగా మరణించిరి. 2011లో ఆ దేశమున లూసియానా రాష్ట్రమందు ఇద్దరు వ్యక్తులు వేరువేరు చోట్ల నల్లా నీటితో ముక్కు కడుగుకొని ఈ వ్యాధి పాలై మరణించిరి. 2025లో మన దేశమున కేరళ రాష్ట్రమున మెదడును తినివేయు అమీబా వ్యాధి పలువురిని బలిగొన్నది. అచట బావులలో క్లోరిన్ కలుపు పనిని ఉద్యమముగా చేపట్టవలసి వచ్చినది.

కనుక నీరు తేటగా నున్నదనియు, మిషన్ భగీరథ నల్లా నీరే గదా యనియు తలపరాదు. త్రాగుటకు పనికివచ్చు నీరెల్ల ముక్కునకు పనికిరాదు. కాలువ, చెరువు, బావి, బోరు, నల్లా, ఏ నీరైనను కాచి చల్లార్చిన పిదపనే ముక్కులో పోయవలెను.

చేయు విధానము

1. నీటిని కళపెళ మరుగునట్లు కనీసము 1 నిమిషము కాచవలెను. మూతపెట్టి గోరువెచ్చగా అగువరకు చల్లార్చవలెను. చన్నీళ్ళు కలిపి చల్లార్చరాదు. ఆ కలిపిన నీరే ప్రమాదమునకు ద్వారమగును.

2. 1 లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు, అనగా టీ చెంచాతో తలకొట్టి ఒకటిన్నర చెంచా కలుపవలెను. మన రక్తములోని లవణమునకు ఇది సమానము గనుక మంట పుట్టదు. ఉప్పు లేని నీరు మండును. అయోడిన్ ఉప్పు కొందరికి మంట కలిగించును గనుక, ముక్కునకు అయోడిన్ కలుపని శుభ్రమైన ఉప్పు మేలు. వంటకు మాత్రము అయోడిన్ ఉప్పునే వాడవలెను.

3. సబ్బుతో చేతులు కడుగుకొని, ముందుకు వంగి, తలను ఒక ప్రక్కకు వంచి, నోటితో ఊపిరి తీయుచు, పై రంధ్రమున నీరు మెల్లగా పోయవలెను. అది రెండవ రంధ్రమునుండి వెడలును. పిదప రెండవ ప్రక్క చేయవలెను. నీరు పోయునప్పుడు మాటలాడరాదు, మ్రింగరాదు.

4. చివర ముందుకు వంగి మెల్లగా చీదవలెను. గట్టిగా చీదినచో నీరు చెవిలోనికి పోవును.

5. చెంబును ప్రతిసారి కాచిన నీటితో కడిగి ఆరబెట్టవలెను. ఒకరి చెంబు మరియొకరు వాడరాదు. మిగిలిన నీటిని మరునాటికి ఉంచరాదు.

చెవినొప్పి యున్నవారు, ముక్కునుండి రక్తము కారువారు, ముక్కు పూర్తిగా మూసికొనిపోయినవారు, ఇటీవల శస్త్రచికిత్స చేయించుకొన్నవారు, చిన్నపిల్లలు వైద్యుని సలహా లేనిదే చేయరాదు. డాక్టరు ముక్కులో కొట్టుకొను మందిచ్చినచో, కడుగుకొన్న తరువాత దానిని వాడవలెను. కంటి చుట్టు వాపు, జ్వరము, ఆయాసము కలిగినచో వెంటనే ఆస్పత్రికి పోవలెను. ముక్కులో నీరు పోసికొన్న రెండు వారములలోపల తీవ్రమైన తలనొప్పి, జ్వరము, వాంతులు, మెడ బిగింపు కనిపించినచో ఆలసింపక పోయి, ముక్కులో నీరు పోసికొన్న సంగతి డాక్టరుతో తప్పక చెప్పవలెను.

పంచాయతీ చేయదగినది

ముక్కు కడుగుకొనుట ధూళి చేరిన పిదప చేయు పని. ధూళిని చేరనీయకుండుట అంతకన్న మేలు. 1955లో పూణే వద్ద గుర్తింపబడి దేశమంతట వ్యాపించిన వయ్యారిభామ మొక్క పుప్పొడి అనేకులకు పడదు. ఊరి ఖాళీ స్థలములలోను, బడి ఆవరణలలోను దానిని పూత పట్టక ముందే, చేతులకు తొడుగులు వేసికొని, వేళ్ళతో పెరికించవలెను. వరికొయ్యలను కాల్చకుండ రైతులకు నచ్చజెప్పవలెను. పసుపు మెరుగు పెట్టు కూలీలకు మాస్కు గాని, ముక్కును నోటిని కప్పు గుడ్డ గాని యుండునట్లు యజమానులను కోరవలెను. నీటి ట్యాంకులను వేళకు కడిగించి క్లోరిన్ కలిపించవలెను.

ఆనాడు సభలో ప్రశ్నించిన పెద్దాయనకు మేము చెప్పినదిదియే: "ముక్కు కడుగుకొనుడు, కాని ముందు పొయ్యి వెలిగించుడు." వచ్చు గ్రామసభలో ఆశా కార్యకర్తను ప్రక్కన నిలిపి సభ్యులు ఈ మాటను ఒక్కసారి చెప్పినను చాలును. కట్టెలో గ్యాసో కొంచెము ఖర్చగును. ఆ ఖర్చుతో ప్రాణమునకు రక్షణ చేకూరును.