బెజ్జం ఎంతో మసక అంత

పెళ్ళి ఫొటోల్లో పెళ్ళికూతురి వెనక అంతా మెత్తగా మసకబారి ఉంటుంది, మన బుల్లి కెమెరాతో తీస్తే మాత్రం వెనకున్న కుర్చీలూ బకెట్టూ కూడా స్పష్టంగా పడతాయేం అని అడిగావు కదూ చిన్నా! రా, కూర్చో.

మీ నాయనమ్మ కళ్ళజోడు మరిచిపోయిన రోజున బస్సు బోర్డు ఎలా చదువుతుంది? కళ్ళు చికిలించి. రెప్పల సందు ఇరుకైతే కంట్లోకి వచ్చే వెలుగు సన్నబడి, అక్షరాలు అలుక్కుపోకుండా కాస్త తేటపడతాయి. నీ కెమెరా పుట్టుకతోనే కళ్ళు చికిలించుకుని కూర్చుంది, అంతే.

ముఖం మీద ఫోకస్ పెట్టావనుకో. ముఖంలోని చుక్క చుక్కగానే పడుతుంది. వెనక చెట్టు మీది చుక్క మాత్రం గుండ్రటి బిళ్ళలా పరుచుకుంటుంది. అలాంటి బిళ్ళలు ఒకదాని మీదొకటి పడితే అదే మసక. ఇందులో నాకు భలే నచ్చే లెక్క ఒకటుంది. బాగా దూరాన ఉన్న చుక్క తాలూకు బిళ్ళను ఫొటోలో ముఖం పక్కన పెట్టి కొలిస్తే, దాని వెడల్పు లెన్స్ బెజ్జం వెడల్పంతే ఉంటుంది! ఆ బెజ్జాన్నే అపర్చర్ అంటారు.

ఫొటోగ్రాఫర్ దగ్గరుండే 85 మిల్లీమీటర్ల లెన్స్ తీసుకో. దాని మీద ఎఫ్ 1.8 అని ఉంటే, 85ని 1.8తో భాగించు. బెజ్జం 47 మి.మీ. వచ్చింది. మనిషి రెండు కనుపాపల మధ్య దూరం సుమారు 63 మి.మీ.; అందులో ముప్పాతిక వంతు వెడల్పున ప్రతి చుక్కా అలుక్కుపోతుందన్నమాట. ఇక ఆకులేం కనిపిస్తాయి! నీ కెమెరా సెన్సర్ వెడల్పే ఆరు మి.మీ. చిల్లర. దానికి తగ్గట్టు లెన్స్ 4.3 మి.మీ., ఎఫ్ 2.8. బెజ్జం ఒకటిన్నర మి.మీ. మాత్రమే.

అలాగని వదిలేయక్కర్లేదు. అదే లెన్స్‌ని జూమ్ చివరిదాకా లాగితే 21.5 మి.మీ. అవుతుంది, ఎఫ్ అంకె 5.9కి పెరుగుతుంది. అంకె పెరిగితే మసక తగ్గుతుందని చాలామంది జూమ్ వద్దంటారు. భాగించి చూడు: 3.6 మి.మీ.! బెజ్జం రెట్టింపు దాటింది. డిజిటల్ జూమ్ మాత్రం నమ్మకు, అది తీసిన బొమ్మను కత్తిరించి పెద్దది చేయడమే.

దూరం సంగతి కూడా ఉంది. మనిషి నీకు రెండు మీటర్ల దూరంలో, గోడ ఆ మనిషికి రెండు మీటర్ల వెనక ఉంటే, రావలసిన మసకలో సగమే వస్తుంది. గోడ ఆరు మీటర్ల వెనకుంటే ముప్పాతిక. గోడకు ఆనుకుని నిలబడితే ఏ లెన్సూ ఏమీ చేయలేదు.

ఫోన్లలో పోర్ట్రెయిట్ మోడ్ ఉందిగా అంటావు. 2016లో ఐఫోన్ 7 ప్లస్‌తో అది బాగా ప్రచారంలోకి వచ్చింది. అక్కడ మసక వేసేది బెజ్జం కాదు, లెక్కలు. చెవి పక్కన ఎగిరే వెంట్రుకల దగ్గర ఆ లెక్క తరచూ తప్పుతుంది. నాకైతే అసలు మసకే ఇష్టం.

కాబట్టి మనిషిని గోడకు దూరంగా జరుపు, నువ్వు వెనక్కి తగ్గి జూమ్ పూర్తిగా లాగు, భుజాల దాకానే ఫ్రేము నింపు. వెలుతురు బాగా ఉన్నప్పుడే తియ్యి, జూమ్‌లో చెయ్యి వణికితే ముఖమూ మసకే.