నడిచేవారికి దారేదీ?

లాలాపేట: లాలాపేట నుంచి తార్నాక మెట్రో స్టేషనుకు సుమారు రెండు కిలోమీటర్లు. సైకిలుపై పది నిమిషాల ప్రయాణం. నాగోలు-అమీర్‌పేట మార్గంలో 2017 నవంబరులో మెట్రో రైళ్లు మొదలయ్యాయి. రైలు దిగాక ఇంటికి చేరే దారి మాత్రం మారలేదు. అందుకే ఈ కాస్త దూరానికీ షేర్ ఆటోయే దిక్కవుతోంది. నాచారం పారిశ్రామికవాడకు వెళ్లే కార్మికులదీ ఇదే అవస్థ.

ఈ ప్రాంతంలో పాదచారుల కోసం చేపట్టిన పెద్ద నిర్మాణం ఉప్పల్ కూడలిలోని స్కైవాక్. సుమారు 25 కోట్ల రూపాయల వ్యయంతో హెచ్‌ఎండీఏ నిర్మించిన ఈ 660 మీటర్ల మార్గం 2023 జూన్ 26న ప్రారంభమైంది. అంతకుముందు వరంగల్ బస్సు దిగినవారు మెట్రో ఎక్కాలంటే వాహనాల నడుమ ప్రాణాలు అరచేత పట్టుకుని రోడ్డు దాటవలసి వచ్చేది. ఆ కష్టం చాలావరకు తీరింది. అయితే స్కైవాక్ కూడలి సమస్యను తీర్చగలదే గాని వీధి సమస్యను కాదు.

అదే ఏడాది అక్టోబరులో నగరానికి పడమట, బాహ్యవలయ రహదారి వెంట 23 కిలోమీటర్ల సైకిల్ మార్గం సౌరఫలకాల నీడతో అందుబాటులోకి వచ్చింది. వ్యాయామానికి అది చక్కని వసతే. రోజూ సైకిలుపై పనికి వెళ్లే పాలవానికి, కాపలాదారుకు, కర్మాగార కార్మికునికి కావలసింది మాత్రం ఇంటి నుంచి స్టేషను దాకా తెగని దారి.

ఆ దారి ఎలా ఉండాలో భారత రోడ్ల కాంగ్రెస్ 2012లోనే నిర్దేశించింది. నివాస ప్రాంతాల్లో కాలిబాటపై అడ్డంకుల్లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. అంచు ఎత్తు 15 సెంటీమీటర్లు మించరాదు. అంతకన్నా ఎత్తయితే వృద్ధులు ఎక్కలేక రోడ్డుపైనే నడుస్తారు. కాలిబాట నాలుగడుగులు సాగి ట్రాన్స్‌ఫార్మర్ వద్దనో, దుకాణం మెట్ల వద్దనో అంతరించడం నగరవాసులకు తెలియనిది కాదు. ఇరుకు వీధుల్లో వేరుగా సైకిల్ బాట వేయడానికి చోటుండదు. అక్కడ వాహనాల వేగం తగ్గించడమే ఉపాయం. ఎత్తు చేసిన జీబ్రా దాట్లు, మలుపుల వద్ద రోడ్డు వెడల్పు కుదింపు వంటి పనులకు పెద్దగా ఖర్చూ కాదు.

చిరువ్యాపారుల మాట మరువరాదు. 2014 నాటి చట్టం ప్రకారం సర్వే జరిపి, వారికి స్థలాలు కేటాయించాలి. బండ్లను ఊరక తరిమివేయడం కుదరదు.

మరో చిక్కు సరిహద్దులది. లాలాపేట హైదరాబాద్ జిల్లాలోనిది. నాచారం 2016 జిల్లాల పునర్విభజనలో మేడ్చల్-మల్కాజిగిరి పరిధిలోకి వెళ్లింది. నడిచేవారికి ఈ గీత కనబడదు. దారి మాత్రం ఆ గీత వద్ద తెగకూడదు. కాలిబాట వినియోగం జీవించే హక్కులో భాగమని సర్వోన్నత న్యాయస్థానం 2025 మేలో స్పష్టం చేసింది. లాలాపేట-తార్నాక దారితో పని మొదలుపెడితే అటు స్టేషనుకు, ఇటు బస్సులకు ఒకేసారి మేలు కలుగుతుంది; నాచారం దారిని దానికి తరువాత కలుపుకోవచ్చు.