మందు ముట్టకపోయినా కాలేయానికి కొవ్వెందుకు పడుతుంది?

మౌలాలి, నాచారం నుంచి ఐటీ కొలువులకు వెళ్లే అన్నయ్యలు, అక్కయ్యలు మీకూ తెలిసే ఉంటారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు అలాంటి 345 మంది ఉద్యోగుల్ని పరీక్షించారు. 84 శాతం మంది కాలేయంలో కొవ్వు ఎక్కువగా ఉందని 2025లో ప్రకటించారు. తాగుబోతులకే కాలేయం చెడుతుందనుకునేవాళ్లకు ఇది మింగుడుపడదు!

ఎలా జరుగుతుంది? ఒంట్లో పేరుకున్న కొవ్వు నుంచి కొవ్వు ఆమ్లాలు రక్తంలో కలిసి కాలేయానికి చేరతాయి. కూల్‌డ్రింకుల్లోని చక్కెర మోతాదు మించితే, కాలేయమే దాన్ని పామిటిక్ ఆమ్లమనే కొవ్వు ఆమ్లంగా మార్చేస్తుంది. అన్ని కొవ్వు ఆమ్లాలూ ఒకటి కాదు. వేరుశనగ నూనెలో ఉండే ఓలిక్ ఆమ్లం కాలేయ కణంలో కొవ్వు బొట్టుగా సర్దుకుంటుంది. పామిటిక్ ఎక్కువైతే మాత్రం కణం దెబ్బతింటుంది. అప్పుడు కాలేయానికి కాపలా కాసే కుప్ఫర్ కణాలు రెచ్చిపోతాయి; వాపు మొదలవుతుంది. ఏళ్ల తరబడి సాగితే మచ్చకడుతుంది. మొదట్లో నొప్పే ఉండదు, అదే దీని జిత్తులమారితనం. అధిక బరువున్నవాళ్లు 7 నుంచి 10 శాతం తగ్గితే చాలామందిలో ఈ వాపు తగ్గుతుంది.