ఒక ట్రాన్సిస్టర్, రెండు డయోడ్లు: మన చేత్తో మొదటి గిటార్ పెడల్

స్టేజ్ మీద గిటారిస్ట్ కాళ్ళ దగ్గర చిన్న చిన్న డబ్బాలు ఉంటాయి కదా, వాటినే ఎఫెక్ట్ పెడల్స్ అంటారు. కాలితో నొక్కగానే మెత్తగా మోగే గిటార్ గరగరమంటుంది. బ్రాండెడ్ పెడల్ కొందామంటే హాస్టల్ మెస్ బిల్లు గుర్తొస్తుంది. నేను సీఎస్ఈ, సోల్డరింగ్ మా సిలబస్‌లో లేదు. అయినా ఇది మన బ్రాంచ్ వాళ్ళు కూడా చేయొచ్చు. ఎందుకంటే దీని వెనకున్న ఐడియా ఒక్క లైన్ కోడ్ అంతే.

ఆ ఒక్క లైన్

గిటార్ పికప్ ఇచ్చే సిగ్నల్ చాలా చిన్నది, సుమారు 0.1 వోల్ట్. దాన్ని 20 రెట్లు పెంచితే 2 వోల్ట్‌లు అవుతుంది. ఇప్పుడు "0.6 దాటితే 0.6 దగ్గరే ఆపెయ్, మైనస్ వైపు కూడా అంతే" అని కండిషన్ పెట్టామనుకోండి. గుండ్రటి అల పైనా కిందా కోసేసినట్టు చదునవుతుంది. దాంతో అసలు స్వరంలో లేని కొత్త ఫ్రీక్వెన్సీలు పుడతాయి. ఇదే క్లిప్పింగ్. మనకి వినిపించే డిస్టార్షన్ అదే. సర్క్యూట్‌లో ఆ కండిషన్ పని రెండు సిలికాన్ డయోడ్లు చేస్తాయి, ఎందుకంటే అవి సుమారు 0.6 వోల్ట్ దగ్గర కరెంట్‌ని వదలడం మొదలుపెడతాయి.

ఈ సౌండ్ మొదట్లో ఒక లోపం. 1961లో వచ్చిన మార్టీ రాబిన్స్ పాట "డోంట్ వర్రీ" రికార్డింగ్‌లో మిక్సింగ్ పరికరం పాడై, గ్రేడీ మార్టిన్ వాయించిన బేస్ గిటార్ బరబరమని వచ్చింది. దాన్ని తీసేయకుండా అలాగే ఉంచేశారు. ఇంజినీర్ గ్లెన్ స్నాడీ అదే శబ్దం ఇచ్చే ట్రాన్సిస్టర్ సర్క్యూట్ తయారుచేయగా, 1962లో మేస్ట్రో ఫజ్ టోన్ పెడల్ మార్కెట్లోకి వచ్చింది.

ఏం కొనాలి

చేవెళ్ల నుంచైనా మొయినాబాద్ నుంచైనా మెహదీపట్నం బస్సెక్కి, అక్కడి నుంచి కోఠి వెళ్ళండి. గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ షాపులు వరసగా ఉంటాయి. లిస్ట్ ముందే రాసుకోండి:

- బీసీ547 ట్రాన్సిస్టర్ 1
- 1ఎన్4148 డయోడ్లు 2
- రెసిస్టర్లు: 470కె, 47కె, 10కె, 390 ఓమ్
- 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు 2 (మీద 104 అని ఉంటుంది)
- 100కె వాల్యూమ్ పాట్, పావు అంగుళం జాక్‌లు 2
- 9 వోల్ట్ బ్యాటరీ, క్లిప్, బ్రెడ్‌బోర్డ్, మల్టీమీటర్

చిన్న పార్ట్‌లు రెండేసి ఎక్కువ తీసుకోండి. ఒక్క రెసిస్టర్ కోసం మళ్ళీ కోఠి దాకా వెళ్తే, దాని ధర కంటే బస్ ఛార్జీ ఎక్కువవుతుంది.

ఎలా కలపాలి

ఇది 1960ల చివర్లో ఎలక్ట్రో-హార్మోనిక్స్ కంపెనీ తెచ్చిన ఎల్‌పీబీ-1 బూస్టర్ లాంటి సర్క్యూటే. బీసీ547 చదును వైపు మీకు కనిపించేలా, కాళ్ళు కిందికి పెట్టి చూస్తే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్.

ఇన్‌పుట్ జాక్ టిప్ నుంచి ఒక కెపాసిటర్ ద్వారా బేస్‌కి. బేస్ నుంచి ప్లస్‌కి 470కె, గ్రౌండ్‌కి 47కె. కలెక్టర్ నుంచి ప్లస్‌కి 10కె. ఎమిటర్ నుంచి గ్రౌండ్‌కి 390 ఓమ్. కలెక్టర్ నుంచి రెండో కెపాసిటర్ ద్వారా పాట్ ఒక చివరకి, రెండో చివర గ్రౌండ్‌కి. పాట్ మధ్య కాలు అవుట్‌పుట్ జాక్ టిప్‌కి. బ్యాటరీ మైనస్, జాక్‌ల స్లీవ్‌లు అన్నీ గ్రౌండే.

గిటార్ పెట్టే ముందు మల్టీమీటర్‌తో కలెక్టర్ దగ్గర వోల్టేజ్ చూడండి. 3 నుంచి 6 మధ్యలో ఉంటే బాగున్నట్టే. 9 గానీ, దాదాపు 0 గానీ వస్తే ట్రాన్సిస్టర్ కాళ్ళు, రెసిస్టర్ రంగులు మళ్ళీ చెక్ చేయండి. 470కెకి, 47కెకి తేడా మూడో గీతలోనే ఉంటుంది. ఒకటి పసుపు, ఇంకోటి ఆరెంజ్.

ఇప్పటికి మన దగ్గరున్నది బూస్టర్ మాత్రమే. రెండో కెపాసిటర్ పాట్‌ని కలిసే చోటు నుంచి గ్రౌండ్‌కి రెండు డయోడ్లూ పెట్టండి. ఒకదాని గీత పైకి, ఇంకోదాని గీత కిందికి ఉండాలి. ఒక్క స్ట్రింగ్ మీటి చూడండి, సౌండ్ ఎంత మారిందో తెలుస్తుంది. ఒక డయోడ్ తీసేస్తే ఒక వైపే కోస్తుంది. రెండు ఎర్ర ఎల్ఈడీలు పెడితే సుమారు 1.7 వోల్ట్ దాకా కోయదు, అందుకే సౌండ్ పెద్దగా, తక్కువ గరుకుగా వస్తుంది.

సోల్డర్ చేసే ముందు

బ్రెడ్‌బోర్డ్ మీద నచ్చిన తర్వాతే జీరో పీసీబీ మీద సోల్డర్ చేయండి. కిటికీ తెరిచి పెట్టుకోండి, పని అయ్యాక చేతులు కడుక్కోండి. ప్లాస్టిక్ డబ్బా కంటే రేకు బిస్కెట్ డబ్బా మేలు. దాన్ని గ్రౌండ్‌కి కలిపితే కరెంట్ వైర్ల నుంచి వచ్చే గుయ్‌మనే శబ్దం బాగా తగ్గుతుంది. బ్యాటరీతోనే మొదలుపెట్టండి, 230 వోల్ట్‌ల జోలికి అస్సలు పోవద్దు. ట్యూబ్ ఆంప్లిఫయర్ అయితే విప్పొద్దు, ఆపేశాక కూడా లోపల వందల వోల్ట్‌లు మిగిలి ఉండొచ్చు.

"ల్యాప్‌టాప్‌లో ప్లగిన్ ఉండగా ఇదంతా ఎందుకురా?" అని మీ రూమ్మేట్ అడుగుతాడు. ప్లగిన్లు మంచివే, నేనూ వాడతాను. కానీ వాటిలో స్లైడర్ జరిపితే సౌండ్ మారుతుందని మాత్రమే తెలుస్తుంది. ఇక్కడ ఏ పార్ట్ వల్ల మారిందో వేలు పెట్టి చూపించొచ్చు. నాలుగేళ్ళూ స్క్రీన్ మీదే చదివే మనకి, రాసిన కండిషన్ చెవికి వినిపించే ఛాన్స్ ఎన్నిసార్లు వస్తుంది చెప్పండి?