కాక్‌పిట్‌ తలుపు ఎందుకు తెరుచుకోదు?

విమానం గాల్లో ఉండగా ‘ఒక్కసారి కాక్‌పిట్‌ చూసి వస్తానండీ’ అని అడిగి చూడండి. ఎయిర్‌హోస్టెస్‌ నవ్వుతూనే ‘కుదరదు’ అంటుంది. మీరెవరైనా సరే, మీ వెనక ఎంత పలుకుబడి ఉన్నా సరే, లోపల కూర్చున్నది మీ అన్నయ్యే అయినా సరే... జవాబు మారదు. కానీ పాతికేళ్ల కిందటి వరకూ పరిస్థితి ఇలా లేదు. ఆ తలుపు ఎప్పుడు, ఎందుకు మూసుకుంది? ఏవియేషన్‌లో కెరియర్‌ కోరుకునే మీకు ఈ కథతో పనేంటి? చూద్దాం.

అప్పట్లో అడిగితే చాలు

20వ శతాబ్దం చివరి దాకా చాలా దేశాల ఎయిర్‌లైన్స్‌లో కాక్‌పిట్‌ సందర్శన మామూలు విషయం. విమానం పైకెళ్లి నిలకడగా ఎగురుతున్నప్పుడు పిల్లల్ని ముందుకు తీసుకెళ్లేవారు. కెప్టెన్‌ మీటర్లు, మీటలు చూపించి, కిటికీలోంచి మబ్బుల్ని చూపించి పంపేవాడు. ‘ఆ రోజే పైలట్‌ అవ్వాలనుకున్నా’ అని చెప్పేవాళ్లు ఆ తరంలో చాలామందే ఉన్నారు.

అమెరికా మాత్రం ముందే జాగ్రత్తపడింది. 1964 మే 7న కాలిఫోర్నియాలో పసిఫిక్‌ ఎయిర్‌లైన్స్‌ విమానంలో ఓ ప్రయాణికుడు పైలట్లిద్దరినీ తుపాకీతో కాల్చాడు. విమానం కూలి మొత్తం 44 మంది చనిపోయారు. ప్రయాణ సమయంలో కాక్‌పిట్‌ తలుపు తాళం వేసి ఉంచాలన్న నిబంధన అదే ఏడాది అక్కడ అమల్లోకి వచ్చింది. మిగతా దేశాలు మాత్రం ఆ తలుపును మర్యాద కోసం తెరుస్తూనే వచ్చాయి.

30 సెకన్లు... 75 ప్రాణాలు

1994 మార్చి 23. మాస్కో నుంచి హాంకాంగ్‌ వెళ్తున్న ఏరోఫ్లోట్‌ 593 విమానం. ఎయిర్‌బస్‌ ఏ310 రకం. పైలట్లలో ఒకరి కొడుకు, కూతురు అదే విమానంలో ప్రయాణిస్తున్నారు. ఆయన వాళ్లను కాక్‌పిట్‌లోకి పిలిచాడు. ముందు కూతుర్ని, తర్వాత టీనేజీలో ఉన్న కొడుకుని తన సీట్లో కూర్చోబెట్టాడు. ఆటోపైలట్‌ పనిచేస్తోంది కాబట్టి పిల్లలు కంట్రోల్స్‌ పట్టుకున్నా ఏమీ కాదన్నది ఆయన ధీమా.

అబ్బాయి కంట్రోల్‌ను కాస్త గట్టిగా, దాదాపు 30 సెకన్లపాటు తిప్పి పట్టుకున్నాడు. దాంతో ఆటోపైలట్‌లో రెక్కల వాలును చూసుకునే భాగం తప్పుకుంది. హెచ్చరికగా చిన్న దీపం వెలిగిందే తప్ప శబ్దమేమీ రాలేదు. ఎవరూ గమనించలేదు. విమానం మెల్లగా ఒక పక్కకు ఒరగడం మొదలైంది. తేడా తెలిసేసరికి బాగా ఆలస్యమైంది. విమానం నిట్టనిలువునా పక్కకు ఒరిగి కిందికి దూకుతుంటే, ఆ ఒత్తిడికి పైలట్‌ తన సీట్లోకి తిరిగి రావడమే కష్టమైంది. మధ్యలో ఒకసారి అదుపులోకి వచ్చినట్టే వచ్చి, మళ్లీ చేజారింది. సైబీరియా అడవుల్లో కూలిపోయింది. విమానంలో ఉన్న 75 మందిలో ఒక్కరూ మిగల్లేదు.

ఇక్కడ హైజాకర్‌ లేడు. ఆయుధం లేదు. కొట్టుకుపోయేంత తుపానూ లేదు. ఓ తండ్రికి పిల్లలంటే ముద్దు, అంతే. అనుభవమున్న పైలటే ‘ఏం కాదులే’ అనుకున్నాడు. పైలట్‌ ఉద్యోగంలో అన్నిటికంటే ప్రమాదకరమైన మాట అదే.

ముద్దు పోయి భయం వచ్చింది

తర్వాత రెండు ఘటనలు ఒకదాని వెంట ఒకటి జరిగాయి. 1999 జులై 23న జపాన్‌లో టోక్యో నుంచి బయల్దేరిన ఆల్‌ నిప్పన్‌ ఎయిర్‌వేస్‌ జంబోజెట్‌లో ఓ యువకుడు కత్తితో కాక్‌పిట్‌లో చొరబడ్డాడు. ఇంట్లో కంప్యూటర్‌లో ఫ్లైట్‌ సిమ్యులేటర్‌ ఆటలాడి, అసలు విమానం నడపాలని మోజుపడ్డవాడు. కో-పైలట్‌ను బయటికి పంపి, కెప్టెన్‌ను పొడిచి చంపి, కంట్రోల్స్‌ తన చేతుల్లోకి తీసుకున్నాడు. విమానం ప్రమాదకరమైన ఎత్తుకు దిగిపోయింది. కో-పైలట్‌, ప్రయాణికుడిగా వస్తున్న మరో పైలట్‌ మరికొందరి సాయంతో లోపలికి దూసుకెళ్లి అతణ్ని పట్టుకున్నారు. 517 మంది ఉన్న ఆ విమానంలో చనిపోయింది కెప్టెన్‌ ఒక్కరే.

2000 డిసెంబరు 29న లండన్‌ నుంచి నైరోబీ వెళ్తున్న బ్రిటిష్‌ ఎయిర్‌వేస్‌ విమానం. తెల్లవారుజామున, మానసిక స్థితి సరిగా లేని ఓ ప్రయాణికుడు కాక్‌పిట్‌లోకి వచ్చి కంట్రోల్స్‌ పట్టి లాగాడు. విమానం ముక్కు పైకి లేచింది, తర్వాత వేల అడుగులు కిందికి జారింది. విశ్రాంతిలో ఉన్న కెప్టెన్‌ పరుగెత్తుకొచ్చి, ప్రయాణికుల సాయంతో అతణ్ని లొంగదీశారు. సుమారు 400 మంది కొద్ది క్షణాల తేడాతో బతికి బయటపడ్డారు.

ఆ తర్వాత తొమ్మిది నెలలకే 2001 సెప్టెంబరు 11 వచ్చింది. ఆ రోజు ఉగ్రవాదులు నాలుగు విమానాల్లో కాక్‌పిట్‌లను ఆక్రమించి, వాటినే ఆయుధాలుగా మార్చారు. ప్రపంచమంతా ‘ఇక చాలు’ అనుకుంది.

తలుపు మారింది... రూలూ మారింది

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ (ఐకావో) నిబంధన ప్రకారం 2003 నవంబరు 1 నుంచి 60 మందికి మించి ప్రయాణికులు పట్టే, లేదా 45,500 కిలోలకు మించిన బరువుతో ఎగిరే ప్రయాణికుల విమానాలన్నిటికీ పటిష్ఠమైన కాక్‌పిట్‌ తలుపు తప్పనిసరైంది. చిన్న ఆయుధాల తూటాలు, గ్రెనేడ్‌ ముక్కలు కూడా దాన్ని చీల్చకూడదు. బలంగా నెట్టినా తెరుచుకోకూడదు. తలుపు బయట ఎవరున్నారో పైలట్లు తమ సీట్లోంచే చూడగలగాలి.

ఇంకో ముఖ్యమైన షరతుంది. ప్రయాణికులు ఎక్కాక బయటి తలుపులు మూసిన క్షణం నుంచి, దిగడానికి మళ్లీ తలుపు తెరిచే వరకూ కాక్‌పిట్‌ తలుపు మూసి, లాక్‌ చేసి ఉండాలి. ఈ వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి, చివర్లో మీకు పనికొస్తుంది.

అయితే ఏ రక్షణకైనా రెండో వైపు ఉంటుంది. 2015 మార్చి 24న జర్మన్‌వింగ్స్‌ విమానంలో కెప్టెన్‌ టాయిలెట్‌కని బయటికి రాగానే కో-పైలట్‌ లోపల్నుంచి తలుపు లాక్‌ చేసి, విమానాన్ని ఆల్ప్స్‌ పర్వతాల్లో కావాలనే కూల్చేశాడు. కెప్టెన్‌ తలుపు బాదుతూనే ఉన్నారు. దుండగుల కోసం కట్టిన తలుపు ఆయన్నే ఆపేసింది. 150 మంది చనిపోయారు. అప్పుడే పైలట్ల మానసిక ఆరోగ్యం గురించి లోకం గట్టిగా మాట్లాడటం మొదలెట్టింది. కాక్‌పిట్‌లో ఎప్పుడూ ఇద్దరుండాలనే పద్ధతిని చాలా సంస్థలు తెచ్చాయి. తలుపు ఎంత గట్టిదైనా, చివరికి నమ్మాల్సింది లోపలున్న మనిషినే.

మన దగ్గర ఏం జరిగింది?

‘రూల్స్‌ పుస్తకంలో ఉంటాయి, మన దేశంలో ఎవరు పట్టించుకుంటారు?’ అనుకోకండి. 2023 ఫిబ్రవరిలో దుబాయ్‌ నుంచి దిల్లీ వస్తున్న ఎయిరిండియా విమానంలో పైలట్‌ తన స్నేహితురాలిని కాక్‌పిట్‌లోకి రానిచ్చాడు. విషయం బయటపెట్టింది అదే విమానంలో పనిచేసిన క్యాబిన్‌ సిబ్బంది. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ విచారించి ఆ పైలట్‌ లైసెన్సును మూడు నెలలు సస్పెండ్‌ చేసింది. ఎయిరిండియాకు 30 లక్షల రూపాయల జరిమానా వేసింది. మరి పక్కన కూర్చున్న కో-పైలట్‌? ‘నువ్వెందుకు ఆపలేదు’ అని ఆయనకూ హెచ్చరిక అందింది.

ప్రయాణికుల వైపూ అంతే కఠినం. గొడవ చేసే ప్రయాణికులపై డీజీసీఏ 2017లో తెచ్చిన నిబంధనల్లో మూడు స్థాయులున్నాయి. నోటి దురుసుకు మూడు నెలల వరకూ, చేయి చేసుకుంటే ఆరు నెలల వరకూ విమానం ఎక్కకుండా నిషేధం పడొచ్చు. కాక్‌పిట్‌లోకి చొరబడటం, అందుకు ప్రయత్నించడం మూడో స్థాయి. దానికి నిషేధం కనీసం రెండేళ్లు, గరిష్ఠానికి పరిమితి లేదు. పోలీసు కేసు వేరే.

2025 సెప్టెంబరులో బెంగళూరు నుంచి వారణాసి వెళ్లే విమానంలో ఓ ప్రయాణికుడు కాక్‌పిట్‌ తలుపు దగ్గరికి వెళ్లడం పెద్ద వార్తయింది. టాయిలెట్‌ వెతుక్కుంటూ వెళ్లాడని ఎయిర్‌లైన్‌ చెప్పింది. అయినా విమానం దిగగానే భద్రతా సిబ్బంది ప్రశ్నించకుండా వదల్లేదు. కాబట్టి తొలిసారి విమానం ఎక్కే మీ అమ్మానాన్నలకు, తాతయ్యలకు ఈ ఒక్క మాట ముందే చెప్పి పంపండి: ముందువైపు తలుపులు కనిపిస్తే తోయొద్దు, సిబ్బందిని అడగండి.

మరి ఇందులో మీకేంటి?

పైలట్‌ అంటే ధైర్యం, చురుకుదనం, ఇంగ్లిష్‌ అనుకుంటాం. ఇవన్నీ కావాల్సిందే. కానీ పైన చెప్పిన కథలన్నీ మళ్లీ ఒకసారి చదవండి. అన్నిటికంటే ఎక్కువ అవసరమైంది ‘కాదు’ అని చెప్పగలగడం.

మనం మొహమాటాల మధ్య పెరిగినవాళ్లం. ‘మనవాళ్లే కదా’, ‘ఒక్క ఐదు నిమిషాలే కదా’, ‘పెద్దాయన అడిగితే కాదంటే బాగోదు’ అనే మాటలు రోజూ వింటాం. కాక్‌పిట్‌లో వీటికి చోటు లేదు. అమెరికాలో 1981 నుంచి ఉన్న ‘స్టెరైల్‌ కాక్‌పిట్‌’ నియమమే తీసుకోండి. విమానం 10,000 అడుగుల లోపు ఉన్నంతసేపూ పైలట్లు పనికి సంబంధం లేని కబుర్లు చెప్పుకోకూడదు. 1974లో నార్త్‌ కరోలినాలో ఈస్టర్న్‌ ఎయిర్‌లైన్స్‌ విమానం దిగుతూ కూలిపోయినప్పుడు, పైలట్లు అప్పటిదాకా రాజకీయాలు, కార్ల గురించి మాట్లాడుకున్నట్టు రికార్డర్‌లో తేలింది. అలాంటి అనుభవాలే ఈ నియమానికి కారణం. ఇవాళ ప్రపంచంలోని ఎయిర్‌లైన్స్‌ దీన్ని పాటిస్తున్నాయి. పక్క సీట్లో ఉన్న సహోద్యోగితోనే కబుర్లు వద్దన్నప్పుడు, బయటి మనిషి సంగతి చెప్పాలా?

దీన్నే మీకు మీరు ఒక పరీక్షగా పెట్టుకోండి. మీరు కొత్తగా చేరిన కో-పైలట్‌. కెప్టెన్‌కు ఇరవై ఏళ్ల అనుభవం. ఆయన తన బంధువును లోపలికి పిలుస్తానన్నారు. మీరేం చేస్తారు? ‘సర్‌, ఇది నిబంధనలకు విరుద్ధం. దయచేసి వద్దు’ అని గౌరవంగా, స్పష్టంగా చెప్పగలరా? సిబ్బంది కలిసి పనిచేసే తీరుపై పైలట్లకిచ్చే ‘క్రూ రిసోర్స్‌ మేనేజ్‌మెంట్‌’ శిక్షణలో సారం ఇదే. సీనియర్‌కు ఎదురుచెప్పడం అక్కడ అమర్యాద కాదు, డ్యూటీ. ఈ అలవాటు కాలేజీ ల్యాబ్‌లో, గ్రూప్‌ ప్రాజెక్టులో ఇవాళే మొదలెట్టొచ్చు.

లోపలికి దారులున్నాయి

ఆ తలుపు అందరికీ మూసుకోలేదు. అర్హత ఉన్నవాళ్లకు తెరుచుకుంటుంది.

• పైలట్‌: ఇంటర్‌లో ఫిజిక్స్‌, మ్యాథ్స్‌ ఉండాలి. కమర్షియల్‌ పైలట్‌ లైసెన్సుకు కనీసం 18 ఏళ్లు, 200 గంటల ఫ్లయింగ్‌, డీజీసీఏ పరీక్షలు, క్లాస్‌-1 మెడికల్‌ కావాలి. ఖర్చు లక్షల్లో ఉంటుంది కాబట్టి ఫీజు కట్టకముందే మెడికల్‌ చేయించుకోవడం తెలివైన పని. హైదరాబాద్‌ బేగంపేటలోని తెలంగాణ స్టేట్‌ ఏవియేషన్‌ అకాడమీ, ఉత్తరప్రదేశ్‌ ఫుర్సత్‌గంజ్‌లోని ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్‌ అకాడమీ లాంటివి శిక్షణ ఇస్తున్నాయి. ఎయిర్‌లైన్‌లో చేరాక కొత్త పైలట్లు మొదట కాక్‌పిట్‌లోని అదనపు సీటు... అంటే ‘జంప్‌ సీటు’లో కూర్చుని సీనియర్ల పని గమనిస్తారు.

• ఎయిర్‌ ట్రాఫిక్‌ కంట్రోలర్‌: ఫిజిక్స్‌, మ్యాథ్స్‌తో బీఎస్సీ లేదా బీటెక్‌ చేసినవాళ్లు ఎయిర్‌పోర్ట్స్‌ అథారిటీ జూనియర్‌ ఎగ్జిక్యూటివ్‌ పోస్టులకు పోటీపడొచ్చు. ఫ్లయింగ్‌ కోర్సులా లక్షలు పోయాల్సిన పని లేదు. మధ్యతరగతి విద్యార్థులు తప్పక చూడాల్సిన దారి.

• ఎయిర్‌క్రాఫ్ట్‌ మెయింటెనెన్స్‌ ఇంజినీర్‌: ఎంపీసీతో ఇంటర్‌ తర్వాత డీజీసీఏ గుర్తింపు ఉన్న సంస్థలో చేరాలి. నేల మీద కాక్‌పిట్‌ను అణువణువూ పరీక్షించేది వీళ్లే. చేరేముందు ఆ సంస్థ పేరు డీజీసీఏ వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూసుకోండి.

• క్యాబిన్‌ సిబ్బంది: ఇంటర్‌ పాసైతే చాలు. ట్రే అందించే ఉద్యోగమని తక్కువగా చూడకండి. ఆ తలుపుకు బయట కాపలా వీళ్లే. 2023 ఘటనను బయటపెట్టిందీ వీళ్లే.

చూడాలని ఉందా? ఇలా చూడండి

• తలుపు లాక్‌ నిబంధన ఎప్పటి వరకో చెప్పుకున్నాం కదా? విమానం ఆగి, దిగడానికి తలుపులు తెరిచాక సిబ్బందిని మర్యాదగా అడగండి. కెప్టెన్‌కు వీలైతే ఒక నిమిషం చూపించొచ్చు. కాదంటే నొచ్చుకోవద్దు, మళ్లీ బయల్దేరే హడావుడిలో ఉంటారు.

• రెండేళ్లకోసారి బేగంపేట విమానాశ్రయంలో జరిగే ‘వింగ్స్‌ ఇండియా’ ప్రదర్శనకు పెద్ద పెద్ద విమానాలు వస్తాయి. సామాన్య సందర్శకులకూ కొన్ని రోజులు కేటాయిస్తారు.

• విశాఖ ఆర్కే బీచ్‌ రోడ్డులో నౌకాదళానికి 29 ఏళ్లు సేవలందించిన టీయూ-142 విమానం మ్యూజియంగా ఉంది. ప్రయాణికుల విమానం కాకపోయినా, లోపలికి నడిచి వెళ్లి చూడొచ్చు.

• ఇంట్లో కంప్యూటర్‌లో ఫ్లైట్‌ సిమ్యులేటర్‌తో మీటర్లు చదవడం నేర్చుకోవచ్చు. అయితే అది ఆట మాత్రమేనని మరవొద్దు.

ఐదు నిమిషాల అతిథిగా ఆ తలుపు దాటాలంటే ఎవరో ఒకరు రూల్‌ తప్పాలి. ఉద్యోగిగా దాటాలంటే మీరు చదవాలి, అంతే. అలా లోపల కూర్చున్న రోజున ఎవరో మీ తలుపు తట్టి ‘ఒక్కసారి చూడొచ్చా’ అంటారు. అప్పుడు నవ్వుతూ ‘కుదరదండీ’ అనడానికి ఇప్పటి నుంచే సిద్ధంగా ఉండండి.