చీటీ దొరికింది, గది దొరకలేదు

“తాతయ్యా, సర్వర్‌కి పింగ్ శుభ్రంగా వెళ్తోంది. సాఫ్ట్‌వేర్ మాత్రం లైసెన్సు అందలేదని మొరాయిస్తోంది” అంది మనవరాలు ఫోన్లో. ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకునేది అదే. తెర మీద ఏం పడిందో చదవమ్మా అంటే “మైనస్ 15” అంది. ఆఫీసులో వాళ్లు అప్పటికే డబ్బు కట్టిన రసీదు కోసం బీరువాలు తిరగేస్తున్నారట! రసీదుతో పనిలేదు, వాళ్లని కూర్చోమను అన్నాను. గడువు తీరిపోతే మైనస్ 10 అని చెప్పేది. మైనస్ 15 అంటే లైసెన్సు చెల్లదని కాదు, లైసెన్సు ఇచ్చే సర్వర్‌తో మాట కలపలేకపోయానని.

ఖరీదైన డిజైన్ సాఫ్ట్‌వేర్‌ని ప్రతి కంప్యూటర్‌కీ విడివిడిగా కొనరు. పాతిక సీట్లు కొని ఒక సర్వర్‌లో పెడతారు. కావలసినవాళ్లు ఒక సీటు తీసుకుని, పనయ్యాక వదిలేస్తారు. ఈ లెక్క చూసే ఏర్పాట్లలో బాగా వాడుకలో ఉన్నది ఫ్లెక్స్‌ఎల్ఎమ్. 1988లో పుట్టింది, ఇప్పుడు ఫ్లెక్స్‌నెట్ అంటున్నారు. కంపెనీలు చేతులు మారాయి గానీ లోపలి నడక పెద్దగా మారలేదు.

ఆ నడకలోనే ఉంది తిరకాసంతా. సర్వర్‌లో పనిచేసేది ఒక ప్రోగ్రాము కాదు, రెండు. మన పెద్దాసుపత్రి సంగతే చూడండి. ముందు చీటీ కౌంటరు. అక్కడ వైద్యం చెయ్యరు, ఫలానా గదికి వెళ్లండని రాసిస్తారు, అంతే. మందు రాసే డాక్టరు ఆ గదిలో ఉంటాడు. ఫ్లెక్స్‌నెట్‌లో చీటీ కౌంటరు పేరు ఎల్ఎమ్‌జీఆర్‌డీ. మామూలుగా 27000 నుంచి 27009 దాకా ఉన్న పోర్టుల్లో ఒకదాని దగ్గర కూర్చుంటుంది. డాక్టరు పేరు వెండర్ డీమన్. సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీ ఇచ్చిన ప్రోగ్రాము అది, సీట్ల లెక్కంతా దాని దగ్గరే. చిక్కేమిటంటే, మనం ఫలానా పోర్టులో కూర్చోమని చెప్పకపోతే ఈ డాక్టరుగారు మొదలైన ప్రతిసారీ గది మార్చేయొచ్చు. కౌంటరులో కొత్త నంబరు చెబుతారు, రోగి అక్కడికి వెళ్తాడు, తలుపు దగ్గర కాపలా ఉన్న ఫైర్‌వాల్ పోనివ్వదు. దాని తప్పేం లేదు పాపం, దానికి 27000 ఒక్కటే రాసిచ్చారు కదా! కొన్నిచోట్ల తెలివైనవాడెవడో ఆ రోజు గది నంబరు చూసి దాన్ని కూడా తెరిపిస్తాడు. నెలల తరబడి పనిచేస్తుంది. ఓ రాత్రి కరెంటు పోయి సర్వర్ మళ్లీ లేస్తుంది. తెల్లారేసరికి, మేం ఏమీ ముట్టుకోలేదు మొర్రో అని అందరూ ప్రమాణాలు చేస్తుంటారు.

పింగ్ ఇవేవీ చెప్పదు. దానికి పోర్టులతో సంబంధమే లేదు. యంత్రం బతికే ఉందని మాత్రం చెప్పగలదు. అది కూడా అన్నిసార్లూ కాదు, పింగ్‌ని కావాలనే ఆపేసిన నెట్‌వర్కుల్లో లైసెన్సు నిక్షేపంగా అందుతుంటుంది. చూడవలసింది టెల్‌నెట్‌తోనో, విండోస్‌లో టెస్ట్ నెట్‌కనెక్షన్ అనే ఆదేశంతోనో, ఒక్కొక్క పోర్టూ. అదీ పిల్లలు కూర్చునే కంప్యూటర్ నుంచి. సర్వర్ మీదే కూర్చుని పరీక్షిస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి, దారిలో ఉన్న ఫైర్‌వాల్‌ని దాటే పనే ఉండదు కదా.

చాలామంది చదవకుండా మూసేసే ముక్క ఒకటుంది. మైనస్ 15 కింద, సిస్టమ్ ఎర్రర్ అంటూ తరచు ఇంకో నంబరు ఉంటుంది. అసలు కబురు అందులోనే. విండోస్‌లో 10061 అని ఉంటే సాధారణంగా యంత్రం దాకా వెళ్లాం, ఆ పోర్టులో ఎవరూ లేరు, ఉన్నపళంగా తిప్పి పంపేశారని. అంటే లైసెన్సు ప్రోగ్రాము లేవలేదు, లేదా మనం పోర్టు నంబరు తప్పు రాశాం. 10060 అయితే ఎంతసేపు పిలిచినా ఉలుకూ పలుకూ లేదని. నా అనుమానం ముందు ఫైర్‌వాల్ మీదికే పోతుంది, వచ్చిన పిలుపుని గుటుక్కున మింగేసి మౌనంగా ఉండడం దాని అలవాటు. 11001 అయితే సర్వర్ పేరే దొరకలేదన్నమాట. ఇంటి నుంచి వీపీఎన్‌లో వచ్చేవాళ్లకి పొట్టి పేరుతో ఇది తరచు ఎదురవుతుంది, పూర్తి పేరు ఇస్తే కుదురుతుంది. లినక్స్‌లో నిరాకరణకి 111, మౌనానికి 110.

మా పిల్లకి వచ్చింది 10060. మందు చిన్నదే. లైసెన్సు ఫైల్లో సర్వర్ అని మొదలయ్యే వరుస చివర 27000 ఉంది. వెండర్ అని మొదలయ్యే వరుసలో పోర్టు 27001 అని చేర్పించాను. రెండు నంబర్లూ, టీసీపీ, ల్యాబు నుంచి సర్వర్ వైపు తెరవమని నెట్‌వర్క్ వాళ్లకి రాయమన్నాను. తర్వాత సర్వీసు ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. వెంటనే లేవకుండా పోర్టు ఖాళీ లేదని గొణిగితే కంగారొద్దు. పాత కనెక్షన్లు పూర్తిగా సద్దుమణగడానికి నిమిషం రెండు నిమిషాలు పట్టొచ్చు. లాగ్ ఫైల్లో వెండర్ డీమన్ ఏ పోర్టులో మొదలైందో రాసి ఉంటుంది, 27001 కనిపించాలి.

ఫైలు తెరిచాం కదా అని హోస్ట్‌ఐడీ మాత్రం ముట్టుకోవద్దన్నాను. సర్వర్ పేరూ పోర్టూ మార్చుకోవచ్చు. హోస్ట్‌ఐడీని కలిపి కంపెనీ సంతకం చేసి ఉంటుంది, ఒక్క అక్షరం మారినా సంతకం చెల్లదు. చాలాచోట్ల ఆ ఐడీ నెట్‌వర్క్ కార్డు మ్యాక్ అడ్రసే. 48 బిట్లు, పన్నెండు హెక్స్ అంకెలుగా రాస్తారు. మామూలుగా మొదటి సగం ఐఈఈఈ కార్డు తయారీదారుకి కేటాయించినది. కార్డు కాలిపోయి కొత్తది వేసినా, వర్చువల్ యంత్రాన్ని కాపీ చేసినా అడ్రసు మారిపోతుంది, లైసెన్సు మొహం చాటేస్తుంది. లినక్స్‌లో ఇంకో వింత. పాత ఫ్లెక్స్‌నెట్ ఈటీహెచ్0 అనే పేరున్న కార్డు కోసమే చూసేది. కొత్త లినక్సుల్లో కార్డు పేర్లు మారాక, కార్డు ఎదురుగా ఉన్నా ఐడీ కనబడక అన్నీ సున్నాలు చూపించేది! కొత్త వెర్షన్ తెచ్చి వెయ్యడం దానికి ఒక మార్గం.

సాయంత్రం మళ్లీ ఫోను. ఈసారి మైనస్ 4. సీట్లన్నీ నిండాయి తాతయ్యా, ల్యాబులో చూస్తే పదిమందే ఉన్నారు అంది. ఇది నెట్‌వర్క్ గొడవ కాదమ్మా, ఎల్ఎమ్‌స్టాట్ కొట్టు, ఎవరెవరు ఎప్పటినుంచి పట్టుకు కూర్చున్నారో పేర్లతో సహా చెబుతుంది అన్నాను. పొద్దున తెరిచి మూయకుండా వెళ్లిపోయినవాళ్ల పేర్లే సగం. ఆప్షన్స్ ఫైల్లో టైమౌట్ అని ఒక వరుస రాసుకోవచ్చు. పని చెయ్యకుండా ఊరికే ఉంచుకున్న సీటుని అది వెనక్కి లాక్కుంటుంది, సాఫ్ట్‌వేర్ అందుకు ఒప్పుకునేదైతే. గడువు మామూలుగా 15 నిమిషాలకి తగ్గనివ్వరు. గంట పెట్టమన్నాను. టీకి వెళ్లొచ్చినవాడి సీటు పోగొడితే వాడు వచ్చి మా పిల్ల మీదే కదా అరుస్తాడు.